శ్రీశైలమార్గమున మా కారు చప్పుడు

యాత్ర చేసివచ్చినవారు తీర్థములను గూర్చియు, గోపురములను గూర్చియు వ్రాయుదురు. మేము మాత్రము మా యాత్రకు అడ్డుతగిలిన యొక చిన్న చప్పుడును గూర్చి ముందుగా చెప్పవలసియున్నది.

మా అత్తగారికి శ్రీశైల మల్లికార్జునుని దర్శింపవలెనని చిరకాలపు కోరిక. మావారు బడిపంతులు, సెలవున్ననాడు సొమ్ముండదు, సొమ్మున్ననాడు సెలవుండదు. ఈ యేడు రెండును కూడినవి గాని, మా పాత పెట్రోలు కారు సమ్మతింపలేదు. పరుగెత్తునప్పుడు గంగిగోవువలె నుండును. ఆగినతోడనే, ఇంజను తిరుగుచుండగా, అడుగునుండి జఱ్ఱుమని యెడతెగని మ్రోత. మా యూరి కార్ఖానాలో నొకరు బండిక్రిందికి తొంగియైన చూడక, "ఇంజనును మోయు రబ్బరు మౌంటింగులన్నియు మార్చవలెను, 9,000 రూపాయలగును" అనిరి. అదియే మా యాత్రసొమ్ము. "పోనిమ్ము అమ్మాయీ, స్వామి యింకను పిలువలేదు కాబోలు" అని అత్తగారు మూట విప్పి బట్టలు మరల పెట్టెలో పెట్టుకొనిరి. ఆ దృశ్యము మాకు ములుకువలె నాటెను.

"అక్కయ్యా, పరుగులో చప్పుడు లేదు గదా, మెల్లగా పోవుదము. దారిలో మంచి మెకానిక్కు దొరకినచో చూపుదము, లేనిచో కొండ యెక్కక మరలుదము" అని మా తమ్ముడు ధైర్యము చెప్పెను. గుంటూరు విడిచి, నరసరావుపేట దాటి, వినుకొండ చేరునప్పటికి ఎండ యెక్కెను. ఇచ్చటి కొండపై రామలింగేశ్వరుని కోవెల కలదు. సీతాపహరణవార్తను శ్రీరాముడు ఈ కొండమీదనే వినెననియు, 'విన్నకొండ' వినుకొండ యయ్యెననియు స్థలపురాణము. కాఫీకై చెట్టునీడ నాగితిమి. తమ్ముడు ఇంజను ఆపలేదు. మరల అదే మ్రోత. ఇంతకాలము ఆ చప్పుడును విసుగుకొంటిమేగాని, ఒక్కనాడైన చెవియొగ్గి వినమైతిమని అచ్చట మాకు తోచెను.

వంటయింట మిక్సీ తిరుగునప్పుడు అలమరలోని ఇత్తడిపళ్లెము గడగడలాడుట మీరెఱుగుదురు. వేగము మార్చిన మానును. వ్రేలు మోపిన మానును. దోషము మిక్సీది కాదు, వదులుగా నిలిచిన పళ్లెముది. కారునందును ఇట్టి పళ్లెమేదియో యుండునని యెంచి, ఒక్కొక్కటిగా పరీక్షింపసాగితిమి.

తమ్ముని యాక్సిలరేటరు కొంచెము త్రొక్కుమంటిమి; మ్రోత మాయమయ్యెను. విడువగానే వచ్చెను. క్లచ్చి త్రొక్కించితిమి, మార్పులేదు. క్లచ్చి బేరింగు చెడినచో, త్రొక్కినప్పుడును విడిచినప్పుడును చప్పుడు మారుట కలదు. ఏసీ ఆపగా కొంత తగ్గెనేగాని పోలేదు. స్టీరింగుపై చేయి యుంచితిమి, వణకు లేదు. మౌంటింగులు పాడైనచో స్టీరింగును, ఆసనములును అదరుట సాధారణము.

ఆ వీధిలోనే యున్న ముసలి మెకానిక్కునకు ఇదియంతయు చెప్పితిమి. అతడు నవ్వి, "సగము పని మీరే చేసితిరమ్మా" యనెను. ఇంజను ఆపించి, గొట్టము చల్లారువఱకు కాచి, బండిక్రింద దూరి సైలెన్సరు గొట్టమును పిడికిట తట్టెను. జఱ్ఱుమని అదే గొంతు! గొట్టపు వేడి బండికి తగులకుండ కప్పిన పలుచని రేకున కొక బోల్టురంధ్రము తుప్పుచే పెద్దదై, రేకు వదులైనది. వెడల్పైన వాషరు వేసి బిగించి 150 రూపాయలు పుచ్చుకొనెను. రేకు వేడినుండి కాపాడునది గాన, పీకివేయరాదని హెచ్చరించెను.

నిలిచినప్పుడే యేల మ్రోగవలెనని మావారి నడిగితిమి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 750 మార్లు తిరుగునపుడు సెకనునకు 25 మార్లు లోపల పెట్రోలు మండి, అన్ని త్రోపులు పుట్టును. ఊయెలను దాని లయకు సరిగా త్రోసిన ఎక్కువగా ఊగునట్లు, వదులైన రేకు తన లయకు కుదిరిన త్రోపులకే అదరును. వేగము మారిన లయ తప్పి ఊరకుండునని వారు బోధించిరి.

త్రిపురాంతకము మీదుగా దోర్నాల చేరితిమి. వన్యమృగములకై రాత్రివేళ మూయు అటవీద్వారము ఇచ్చట నున్నది. మూయక ముందే చేరి, బండ్ల బారులో నిలిచితిమి. "బండి ఆగిపోయినదా యేమి, అమ్మాయీ?" అని అత్తగారు భయపడిరి. ఇంజను తిరుగుచునేయున్నది, చప్పుడు మాత్రము లేదు. నల్లమల వంపులన్నియు దాటి శిఖరేశ్వరము నొద్ద దిగి, ఆచారము ననుసరించి వారు నంది కొమ్ముల నడుమనుండి ఆలయశిఖరమును చూచిరి. ఎంతసేపటికిని తల యెత్తరైరి.

సోదరీమణులారా! మీ యింటి బండి ఇట్లు మొఱపెట్టినచో, ఏమి చేయగా మ్రోగునో, ఏమి చేయగా మానునో వ్రాసికొనుడు. మూసిన షెడ్డులో ఇంజను తిప్పకుడు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసనలేని విషము. కొంగును, జడను, చేతులను తిరుగు బెల్టులకు దూరముగా నుంచుకొనుడు. చప్పుడెచ్చటిదో చూపిన పిదపనే సొమ్మిత్తుమని కార్ఖానావారితో నిస్సంకోచముగా చెప్పుడు.