సీల పెట్టావా?

పోయిన నెల "మేము బండి కొన్నామే" అని ఫోన్లో చెప్తే, నరసరావుపేటలో ఉన్న మా అక్క సంబరంగా "ఏ కారు?" అంది.

"కారు కాదక్కా, గుర్రాన్ని ఎక్కించుకెళ్ళే బండి" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"గుర్రానికి నాలుగు కాళ్ళున్నాయిగా! దానికి మళ్ళీ బండెందుకే?"

న్యాయమైన ప్రశ్నే. మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా అమ్మాయి తొమ్మిదో ఏట గుర్రపు స్వారీ క్లాసుల్లో చేరింది. పిల్లల ముచ్చటలే, భరతనాట్యంలాగే ఇదీ రెండేళ్ళలో పోతుందనుకున్నాను. భరతనాట్యం పోయింది, గుర్రం ఉండిపోయింది. ఇప్పుడు దానికి పదహారు. రెండేళ్ళ క్రితం కొన్న పదమూడేళ్ళ గుర్రం ఒకటి ఆబ్రీ దగ్గర ఒక బార్న్‌లో ఉంటుంది. పోటీలకి వెళ్ళాలంటే ట్రైనర్ గారి ట్రైలర్లో చోటు అడిగి, డబ్బు కట్టి పంపేవాళ్ళం. మనకి సొంత ట్రైలర్ ఎందుకులే అనుకుంటూ వచ్చాం.

మార్చిలో ఒక రాత్రి ఆ మాట మారిపోయింది. పదకొండు గంటలకి బార్న్ నుంచి ఫోన్. గుర్రం పడుకుని దొర్లుతోంది, లేచి తన పొట్టవైపే చూసుకుంటోంది. కడుపునొప్పి, కోలిక్ అంటారు ఇక్కడ. మనకి మామూలు జబ్బే అనిపిస్తుంది కానీ గుర్రానికి ప్రాణం మీదకొస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు మరి, లోపలున్నది లోపలే తిరగబడుతుంది. డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి గొట్టం వేసి, "తగ్గకపోతే ఆపరేషన్ చేసే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, బండి సిద్ధంగా పెట్టుకోండి" అంది.

ఏ బండి? ట్రైనర్ గారు ట్రైలర్‌తో ఊళ్ళో లేరు. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తే, ఎవరో పుణ్యాత్ములు రాత్రి ఒకటిన్నరకి వచ్చారు. అప్పటిదాకా మా అమ్మాయి ఆ చలిలో గుర్రాన్ని నడిపిస్తూనే ఉంది. ఏడవలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. తెల్లారేసరికి ఆపరేషన్ అక్కర్లేకుండానే తగ్గింది. ఇంటికొస్తూ కారులో నేనే అన్నాను, "ఏమండీ, ఒక ట్రైలర్ చూడండి. పాతదైనా సరే."

కొత్తవాటి ధరలు చూసి ఆ పేజీ వెంటనే మూసేశాం. ఐదు వారాలు వెతికితే వెదర్‌ఫర్డ్ దగ్గర ఒక పెద్దాయన అమ్మే 2004 నాటి ట్రైలర్ దొరికింది. రెండు గుర్రాలు పక్కపక్కన నిలబడేది, ఇనుముది, అడిగింది 3,200 డాలర్లు. వెళ్ళి చూస్తే బయట తెల్లగా కడిగి ఉంది. లోపల రెండు కందిరీగల గూళ్ళు తప్ప బాగానే ఉందనిపించింది. మా అమ్మాయి అప్పుడే గడ్డి వల ఎక్కడ కట్టాలో చూసుకుంటోంది. మా ఆయన బేరానికి గొంతు సవరించుకుంటున్నారు.

నాకెందుకో మా నాన్న గుర్తొచ్చారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి మా ఇంటి ఎడ్లబండి కట్టేటప్పుడు అమ్మ గూడు మీద పట్టా సరిచేసేది, మేం గంటలు కట్టేవాళ్ళం. నాన్న మాత్రం బండి కిందకి దూరేవారు. ఇరుసుకి కందెన పూసి, చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర పెట్టే సీలని రెండుసార్లు కొట్టి చూసేవారు. "పైన ఎంత ముస్తాబు చేసినా మనల్ని మోసేది కిందున్నదేనమ్మా" అనేవారు.

"కింద చాపలు ఎత్తుదామా?" అన్నాను.

నేల మీద పరిచే రబ్బరు చాపలు అంత బరువుంటాయని అప్పుడే తెలిసింది. ముగ్గురం కలిసి లాగాం. కింద చెక్కలు నల్లగా ఉన్నాయి. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని ఒక్కో చెక్కా గుచ్చుతూ వెళ్ళాను. ముందువైపు గట్టిగానే ఉన్నాయి. వెనక కాళ్ళు ఉండే చోట స్క్రూడ్రైవర్ పాత కేకులోకి దిగినట్టు దిగిపోయింది. ఏళ్ళ తరబడి గుర్రాల మూత్రం చాపల కిందకి దిగి, ఆరే దారి లేక చెక్కని తినేసింది. మా గుర్రం బరువు దాదాపు వెయ్యి పౌన్లు. హైవే మీద అరవై మైళ్ళ వేగంలో ఆ చెక్క విరిగి కాలు కిందకి దిగితే... నేను ఆ పైన ఆలోచించలేదు. పెద్దాయన మొహం కూడా పాలిపోయింది. అబద్ధం చెప్పాడనుకోను, ఆ చాపలు ఎత్తి ఎన్నేళ్ళయిందో.

మా ఆయన వెంటనే కిందకి వంగి ఇనుప దూలాలు సుత్తితో కొట్టి చూశారు. పైపైన తుప్పే, లోపల గట్టిగానే ఉన్నాయి. అవి తినేసి ఉంటే అక్కడినుంచే వచ్చేసేవాళ్ళం. టైర్లు చూస్తే గాళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. కానీ టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడాలట. 2214 అంటే 2014లో 22వ వారంలో తయారైందని. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, నిలబడి నిలబడి ఎండకి పగిలి పోతాయి. కాగితం మీద నంబరు, ఫ్రేమ్ మీద నంబరు ఒకటేనని సరిచూసుకుని, 2,600కి తెచ్చుకున్నాం.

తెచ్చాక మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. "పైన మందపాటి ప్లైవుడ్ వేసి చాపలు పరిచేస్తే సరిపోతుంది" అన్నారు మా ఆయన. "పుచ్చిపోయినదాని మీద కొత్తది వేస్తే, పుచ్చు కనపడదు, అంతే" అన్నాను నేను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయనే చెక్కలన్నీ ఊడబీకారు. మందు పట్టించిన రెండు బై ఎనిమిది చెక్కలు తెచ్చి, నీళ్ళు కారిపోవడానికి మధ్యలో సన్నటి సందు వదిలి బోల్టులతో బిగించాం. తర్వాత పిలవకుండానే పక్కింటాయన వచ్చి సలహాలిచ్చారు, అది వేరే సంగతి.

చక్రాల బేరింగులూ బ్రేకులూ మాత్రం షాపుకే ఇచ్చాం. బేరింగులు కడిగి కొత్త గ్రీజు కూరి ఇచ్చారు. నాన్న కందెనే, పేరు మారిందంతే. ట్రైలర్‌కి ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. దారిలో ట్రక్కు నుంచి ట్రైలర్ విడిపోతే ఒక పిన్ను ఊడి, ఆ బ్యాటరీతో దాని బ్రేకులు అవే పడతాయి. మాదాంట్లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కొత్తది వేసి, పిన్ను లాగి, ట్రక్కుతో లాగితే చక్రాలు కదలకుండా నిలబడ్డాయి. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ పెట్టించాం. ఐదు టైర్లు, చెక్కలు, షాపు, లైట్లు అన్నీ కలిపి మరో 1,450 అయింది.

ఇంకొక్కటి చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. మా ట్రక్కుకి ఉన్న బంతి రెండంగుళాలది. ట్రైలర్ ముందు కప్పు మీద రెండు ఐదు బై పదహారు అని చెక్కి ఉంది. చిన్న బంతి మీద పెద్ద కప్పు చక్కగా కూర్చుంటుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. గతుకు వచ్చినప్పుడు ఎగిరి ఊడుతుంది. అది కనిపెట్టింది మా అమ్మాయి.

మా ఆయన సోమవారం వెళ్తే గురువారం వస్తారు. కోలిక్ వారం చూసుకుని రాదు కదా. అందుకని తోలడం నేనూ నేర్చుకోవాలన్నాను. ఆదివారాలు స్కూలు ఖాళీ పార్కింగులో సాధన. వెనక్కి తీయడం రాక ట్రైలర్ మడతబడిపోతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. స్టీరింగ్ కింది భాగం పట్టుకుని, ట్రైలర్ వెనకభాగం ఎటు పోవాలో చెయ్యి అటే జరిపితే చాలని మా అమ్మాయి చెప్పింది. నలభై ఆరేళ్ళ నాకు పదహారేళ్ళది "స్లోగా అమ్మా, స్లోగా" అంటుంటే, దానికి సైకిల్ నేర్పిన రోజు గుర్తొచ్చింది.

మొదట ఖాళీగా యాభై మైళ్ళు తిప్పి నట్లు మళ్ళీ బిగించాం. తర్వాత గుర్రం. ఒక్కటే ఉంటే ఎడమవైపు ఎక్కించాలి, ఇక్కడి రోడ్లు కుడిపక్కకి వాలుగా ఉంటాయి కాబట్టి. లోపల ఒక ప్రాణి నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉందని గుర్తుంటే బ్రేకు మీద కాలు దానంతటదే మెత్తబడుతుంది. ఇరవై మైళ్ళు తోలి దిగేసరికి నా చేతులు వణికాయి. గుర్రం మాత్రం దిగి నింపాదిగా గడ్డి తింది.

కొక్కెం లాక్ చేశాక అందులో ఒక పిన్ను పెట్టాలి. దాన్ని నేను అలవాటుగా సీల అన్నాను, మా ఇంట్లో అదే పేరు స్థిరపడింది. సీల, బంతి కింద అడ్డంగా కట్టే గొలుసులు, వైరు, లైట్లు, టైర్లలో గాలి. బయల్దేరేముందు ఈ వరస.

వచ్చే ఏడాది మా అమ్మాయి ఒక్కతే ఈ బండి తోలుకుని పోటీలకి వెళ్తానంటోంది. ఆ పై ఏడు కాలేజీకి. వద్దనే మాట నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. మొన్న శనివారం వాళ్ళ నాన్నతో బయల్దేరుతూ ఫోటో పంపింది. బండి ముందుభాగం, దగ్గరగా. కింద ఒక్క వాక్యం: "సీల పెట్టాను అమ్మా, రెండుసార్లు చూశాను."

దాన్ని అక్కకి పంపాను. "నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవారే" అంది. ఈసారి గుర్రానికి బండెందుకని అడగలేదు.