‘ఐ’ ఎప్పుడు, ‘మి’ ఎప్పుడు?

ఈసారి ఇంగ్లీషు గురించి రాస్తానంటే మన గోడపత్రిక సంపాదకుడు "పొడుపుకథలు రాయరా, ఇదెవరు చదువుతారు" అన్నాడు. ఇంగ్లీషు పీరియడ్ అంటేనే కడుపునొప్పి తెచ్చుకునే వీరులు మన హాస్టల్లో ఉన్నారని నాకూ తెలుసు. ఇది వాళ్ళకోసమే.

తెలుగులో "పులి ఎద్దుని చంపింది" అన్నా, "ఎద్దుని పులి చంపింది" అన్నా చచ్చింది ఎద్దే. ఆ ‘ని’ అనే తోక ఉన్నంతవరకు మాటల్ని ఎటు తిప్పినా ఫర్వాలేదు. ఇంగ్లీషులో పేర్లకి ఆ తోక లేదు. వాక్యం తిరగేస్తే ఎద్దే పులిని చంపేస్తుంది! వెయ్యేళ్ళ కిందట వాళ్ళ పేర్లకీ తోకలుండేవి, తర్వాత రాలిపోయాయి. సర్వనామాలకి మాత్రం ఆ తేడా మిగిలింది. ఐ–మి, హి–హిమ్, షి–హర్, వి–అస్, దె–దెమ్, హూ–హూమ్. పని చేసేవాడు మొదటిది, పని ఎవరిమీద పడిందో వాడు రెండోది. ‘యు’, ‘ఇట్’ ఎక్కడున్నా మారవు.

మా ఇళ్ళల్లో కోయ మాట్లాడతాం. అందులో ఆడమనిషికీ ఆవుకీ ఒకటే సర్వనామం. అందుకని కొత్తగా చేరిన మా పిల్లలు ‘షి’ దగ్గర ‘ఇట్’ అంటే దయచేసి నవ్వకండి. వాళ్ళకి తెలివి లేక కాదు, వాళ్ళ భాష లెక్క వేరు.

అసలు చిక్కు ‘నాకు’ దగ్గర ఉంది. "నాకు జ్వరం వచ్చింది", "నాకు ఆకలిగా ఉంది", "నాకు తెలుసు" అంటాం. ‘నాకు’ అంటే ‘మి’ అనుకుని చాలామంది "మి హంగ్రీ", "మి నో" అని మొదలుపెడతారు. ఇంగ్లీషువాడు ఆకలినీ తెలివినీ తానే చేసే పనిగా చెబుతాడు. "ఐ యామ్ హంగ్రీ", "ఐ నో". ‘నాకు’ కనబడగానే ‘మి’ రాసెయ్యకుండా ఒక్క క్షణం ఆగండి.

మార్కులకోసమే ఇదంతా అనుకోవద్దు. ఎండాకాలం సెలవుల్లో మా తాత రేకుపెట్టెలోంచి ఒక కాగితం తీశాడు. పొలం కేసులో ఆయన చెప్పిన వాంగ్మూలం. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970 నాటి 1/70 చట్టం ఉంది కదా, అయినా ఒక షావుకారు అప్పు పేరుతో మా చెలక దున్నుకున్నాడు. తాత కోయలో, తెలుగులో చెప్పింది వాళ్ళు ఇంగ్లీషులో టైపు చేసి వేలిముద్ర వేయించుకున్నారు. ఇన్నేళ్ళూ అందులో ఏముందో ఆయనకి తెలీదు.

"ఐ రిపెయిడ్ హిమ్. హి డిడ్ నాట్ రిటర్న్ మి ది బాండ్" అని ఉంది. నేను అప్పు తీర్చాను, అతను నాకు కాగితం తిరిగివ్వలేదు అని చెప్పాను. తాత నమ్మలేదు. "తీర్చింది నేనే అని ఏ మాట చెబుతోందిరా?" అన్నాడు. ఆయన వేలు పట్టుకుని ‘ఐ’ మీద పెట్టాను. "ఇంత సన్న గీత, ఇదా నేను!" అన్నాడు. (ఆయనా అలాగే సన్నగా ఉంటాడు లెండి.) అదే "హి రిపెయిడ్ మి" అని పడి ఉంటే అప్పిచ్చినవాడు తాతా, తీర్చినవాడు షావుకారూ అయి కేసే తలకిందులయ్యేది. నాలుగుసార్లు చదివించుకుని, మడతపెట్టి, పెట్టెలో దాచాడు.

ఇక ఇద్దరు కలిసి ఉన్నచోట. "రవి అండ్ ఐ" నా, "రవి అండ్ మి" నా? రవిని తీసేసి చూడండి. "సార్ గేవ్ ఐ" అని ఎవరూ అనరు. కాబట్టి "సార్ గేవ్ రవి అండ్ మి ఎ బుక్". విత్, టు, ఫర్, బిట్వీన్ లాంటి మాటల తర్వాత కూడా రెండో రూపమే. కర్మణి ప్రయోగంలో ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. "హి కాల్డ్ మి" కాస్తా "ఐ వాజ్ కాల్డ్ బై హిమ్" అవుతుంది.

రాత్రి వార్డెన్ సారు టార్చి వేసి "హూ ఈజ్ దట్?" అంటే పాత వ్యాకరణం ప్రకారం "ఇట్ ఈజ్ ఐ" అనాలట. మాటల్లో అందరూ "ఇట్స్ మి" అంటారు. నా మటుకు ముసుగు తీయకుండా పడుకోవడమే మేలు.

పూరించండి: వార్డెన్ సెంట్ సోమయ్య అండ్ ____ టు ది షాప్. జవాబు వచ్చే సంచికలో.