కోడికి కుట్లు

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల గురించి అందరూ రాస్తారు. ముక్కనుమ నాటి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఓడిన కోడి కోజ కింద కూరలోకి పోతుంది, అదీ మంచి రేటుకే. గెలిచినదానికీ కత్తి తగలకుండా ఉంటుందా? మా బాబాయి డేగపుంజు గెలిచే వచ్చింది, తొడ మీద ఇంత గాటుతో. పశువుల డాక్టరు గారు గాయం చుట్టూ ఈకలు పీకి, కడిగి, కుట్లు వేస్తున్నంతసేపూ బాబాయి దాని రెక్కలు ఒడిసిపట్టి కదల్లేదు. తర్వాత గంపలో పొడి గడ్డి పరిచి పైన బల్బు వేలాడదీశారు. కోడి ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. రక్తం పోయాక ఆ వేడి నిలబెట్టుకోలేదట. మావాడు నీళ్ళ గ్లాసు ఎత్తేసరికి కసిరారు: "గొంతులో పొయ్యకురా! నాలిక వెనకే ఊపిరి గొట్టం ఉంటది. ముక్కు పక్కనించి చుక్కచుక్కా వెయ్యి."

"నా మోకాలి నొప్పికి ఈ హడావుడి ఎప్పుడూ చూళ్ళేదమ్మా" అంది పిన్ని.

బాదంపప్పు, కైమా పెట్టి, ఈత కొట్టించి పెంచుతారు. కాలికి కత్తి కట్టించేదీ వాళ్ళే. ఈ ప్రేమ నాకెప్పటికీ అర్థం కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పందేలు కూడదంటుంది. ఏటా బరులు తీయించేస్తారు, ఏటా టెంట్లు లేస్తాయి.

డేగ ఇప్పుడు చోళ్ళు తింటోంది. వచ్చే పండక్కి దింపుతారా అనడిగితే, చేపల రేటెంతుందో చెప్పడం మొదలెట్టారు బాబాయి.