మా బొమ్మ కారునకు ఏ బ్యాటరీ?

రేడియో తరంగములచే దూరమునుండి నడపబడు బొమ్మ కారునకు బ్యాటరీ నెన్నుకొనుట యల్పమైన పనియని పెద్దలు తలంతురు. కారు గలవారికే దానిలోని చిక్కు తెలియును. గత వేసవిలో నాకును, పంజగుట్టలో నివసించు నా మిత్రునకును ఒకే విధమైన కార్లు లభించినవి. బ్యాటరీలు మాత్రము వేరుపడినవి.

మేమిరువురమును అమీరుపేటలో మెట్రో రైలెక్కి, ఉస్మానియా వైద్య కళాశాల స్టేషనులో దిగి, కోఠిలోని గుజరాతీ గల్లీకి పోతిమి. దుకాణదారుడు రెండు కట్టలను మా ముందుంచెను. ఒకటి నికెలు మెటల్ హైడ్రైడు సెల్లులు ఆరింటిని చేర్చి కట్టినది. సెల్లునకు 1.2 చొప్పున మొత్తము 7.2 వోల్టులు. రెండవదానిలో లిథియము పాలిమరు సెల్లులు రెండే, సెల్లునకు 3.7 చొప్పున 7.4 వోల్టులు. మోటారునకు రెండును సరిపోవును. రెంటిమీదను 3000 మిల్లీ ఆంపియరు గంటలని వ్రాసియుండెను. అనగా 3 ఆంపియర్ల విద్యుత్తును ఒక గంటసేపు ఈయగలదు. కారు సగటున 12 ఆంపియర్లు లాగినచో పావుగంటలో ముగియును. ఈ లెక్క వినినపుడు మా నాన్నగారు "పావుగంట యాటకు ఇంత వెలయా!" యనిరి.

చేతిలోనికి తీసికొన్నచో భేదము తెలియును. నికెలు కట్ట సుమారు 350 గ్రాములు. లిథియముది అందులో ఇంచుమించు సగము. బరువు తగ్గిన బండి వేగముగా పోవును, మలుపులలో చక్కగా తిరుగును. పైగా లిథియము కట్ట తుదివరకు తన బలమును చాలవరకు నిలుపుకొనును. నికెలుది వాడినకొలది నీరసించును. లిథియము కట్టమీద 20 'సి' యని మరియొక గుర్తు గలదు. 3 ఆంపియర్లకు ఇరువది రెట్లు, అనగా 60 ఆంపియర్లు, ఒక్కమారుగా ఈయగలదని దాని యర్థము. ఇట్టి సంఖ్యలను కొంత తగ్గించి నమ్ముట మేలని నా యభిప్రాయము.

అప్పుడు దుకాణదారుడు "బాబూ, దీనిని మీ యింట నెచ్చట చార్జి చేయుదువు?" అని యడిగెను. అంతవరకు మేము కారును గూర్చియే యాలోచించితిమి గాని యింటిని గూర్చి కాదు.

లిథియము సెల్లు 4.2 వోల్టులకు మించరాదు, 3 వోల్టులకు దిగరాదు. రెండు సెల్లులను సమానముగా నింపు ప్రత్యేకమైన చార్జరు దానికి వలయును. నికెలు సెల్లులో నుండునది నీటిలో కరిగిన పొటాసియము హైడ్రాక్సైడు. లిథియము సెల్లులో నుండునది మండు స్వభావముగల కర్బన ద్రావకము. హద్దు మీరినను, లోపలి పొర చినిగినను, అది తన వేడిచే తానే మరింత వేడెక్కి మంటలు క్రక్కును. ఈ జాతి బ్యాటరీ 1991లో అమ్మకమునకు వచ్చినది. దానికి కారకులైన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెలు బహుమానము లభించినది. అయినను 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో జరిగినది మరువరానిది. కట్టడము క్రిందిభాగమున విద్యుత్ స్కూటర్ల దుకాణములో నిప్పంటుకొని, పొగ పైనున్న వసతిగృహమునకు ప్రాకి, 8 మంది మరణించిరి.

మా యిల్లు అమీరుపేటలో మూడవ యంతస్తున నున్నది. మెట్లదారి యొక్కటే. చార్జరునకు తగిన ప్లగ్గు నాయనమ్మగారు పరుండు గదిలోనే కలదు. ఆమె మోకాళ్ల నొప్పిచే మెట్లు దిగలేరు. నేను నికెలు కట్టను కొంటిని.

మిత్రునిది పెరడుగల పాత యిల్లు. అతడు లిథియముది కొనెను. అదియు సరియైన యెన్నికయే. పెరటిలో రాతిపలకమీద మట్టికుండలో కట్టనుంచి చార్జి చేయును. వారి తాతగారు కుర్చీ వేసికొని గడియారము చూచుచుందురు. ఆటలేని దినములలో సెల్లునకు 3.8 వోల్టులుండునట్లు చేసి దాచుదురు. కట్ట యేమాత్రము ఉబ్బినను దానిని మరల వాడరాదని తాతగారి యాజ్ఞ.

నికెలు కట్టకును జాగ్రత్త యక్కరలేకపోలేదు. నిండునప్పుడు వెచ్చబడును గనుక రాత్రివేళ చార్జరునకు తగిలించి నిద్రపోము. ఊరక యుంచిన కొలది చార్జి తగ్గును గాన శనివారము నాడే నింపుదును. నాయనమ్మగారు నడుమ నడుమ చేయిపెట్టి చూచి "కాలుట లేదురా" యని చెప్పుదురు.

ఆదివారము సాయంకాలము మిత్రుని పెరటిలో పందెము పెట్టుదుము. మొదట కొంచెము, పది నిమిషముల పిమ్మట మిక్కిలి, నా కారు వెనుకబడును. ఇంతవరకు నేను గెలిచినది లేదు. రెండవ కట్టకై రూకలు కూడబెట్టుచున్నాను, అదియు నికెలుదే.