బెల్లంకొండలో బాలింతగది

గుంటూరునుండి నడికుడి పోవు రైలులో సత్తెనపల్లి దాటినపిమ్మట బెల్లంకొండ స్టేషను వచ్చును. 2022వ సంవత్సరమున నేర్పడిన పల్నాడు జిల్లాలోనిది యీ గ్రామము. కొండమీద ప్రాచీనదుర్గము కలదు. 1515వ సంవత్సరమున కొండవీటితోపాటు దీనినిగూడ శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గైకొనెను. నేడు శిథిలప్రాకారములే మిగిలినవి. బిలముల కొండ గనుక నీ పేరు వచ్చినదని పాత గెజిటీరున వ్రాయబడినది.

మేము పోయినది పుష్యమాసము. దిగినయింట నొక బాలింత యుండెను. గాలి సోకునని తలుపు మూసి, కిటికీసందులలో గుడ్డలు క్రుక్కి, మంచముక్రింద బొగ్గులకుంపటి నుంచిరి. తలుపులు మూసిన గదియు నొక బిలమే కదా! “పిన్నిగారూ, తల పగులుచున్నది, కడుపులో త్రిప్పుచున్నది” అని యా పిల్ల యనెను. “పచ్చిబాలింత నీరసమమ్మా. పొగయైనను లేదు, నిప్పులు కణకణలాడుచున్నవి, భయమేమి?” అని అవ్వగారనిరి. మేము తలుపు తెఱచి కుంపటిని వసారాలోనికి తెప్పించితిమి. కొంతసేపటికి తలనొప్పి తగ్గెను.

సోదరీమణులారా, భయమంతయు నా పొగలేని నిప్పులోనే యున్నది. తగినంత గాలి లేక బొగ్గు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తము ప్రాణవాయువునుకంటె దీనిని 200 రెట్లకు మించిన పట్టుతో గ్రహించును. తలనొప్పి, వాంతి, మగత కలుగును. నిద్రించువారు మేలుకొనకయే పోవచ్చును. పసిబిడ్డలకును గర్భిణులకును అపాయ మధికము. సాంబ్రాణి వేసినను, ప్రక్కన నీళ్లచెంబు పెట్టినను ఇది పోదు.

2020 జనవరిలో కేరళమునుండి నేపాళయాత్రకు పోయిన 8 మంది దామన్ అను కొండయూర హోటలుగదిలో గ్యాసుహీటరు పెట్టుకొని, తలుపులు మూసి నిద్రించి, ప్రాణములు కోల్పోయిరి. అందు నలుగురు పిల్లలు. గాలి యాడని స్నానాలగదిలోని గ్యాసుగీజరును, ఇంటిలోపల నడపు జనరేటరును ఇట్టివే.

కావున కుంపటి వసారాలోనే యుండవలెను. నీళ్లు కాచుట, బట్టలు వెచ్చజేయుట యక్కడనే కానిండు. బిడ్డకు టోపీ తొడిగి, తల్లి గుండెలకు హత్తుకొని పైన దుప్పటి కప్పినచో అంతకుమించిన వెచ్చదనము లేదు. ఒకేగదిలో నిద్దఱు ముగ్గురకు ఒక్కసారి తలనొప్పి వచ్చినను, బయటికి రాగానే తగ్గినను, ఈ వాయువునే శంకింపుడు. ఎవరైన సొమ్మసిల్లినచో ముందు వారిని ఆరుబయటికి చేర్చి, పిదప 108కి కబురంపుడు. బాలింతకు వేడి కావలెననిన పెద్దల మాట త్రోసివేయనక్కఱలేదు. నిప్పును మాత్రము గడప దాటనీయకుడు.