మెట్లు దిగే నది

ఆస్ట్రియా పశ్చిమ కొసన, దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఫోర్మారిన్ అనే కొండ సరస్సు ఉంది. లెఖ్ నది అక్కడ మొదలై, జర్మనీలో డాన్యూబ్‌లో కలిసేదాకా రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు పారుతుంది. గోదావరి పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి మొదట్లో ఈ అంకె నాకు ఆనలేదు. మన శబరి కూడా ఇంతకంటే పొడవే. ఉద్యోగం కోసం ఆగ్స్‌బర్గ్ వచ్చి, ఈ నదికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు తీసుకున్నాక గాని, ఇంత చిన్న నదితో మనుషులు ఎన్ని పనులు చేయించుకున్నారో తెలిసిరాలేదు.

పై భాగం గురించి ఎక్కువ చెప్పలేను. సెలవుల్లో బస్సు కిటికీలోంచి చూసిందే. నది పేరే పెట్టుకున్న లెఖ్ ఊరు డబ్బున్నవాళ్లు మంచు మీద జారడానికి వచ్చే చోటు. అది దాటితే టిరోల్ లోయ. ఇక్కడ నది ఒక్క పాయగా ఉండదు. తెల్లటి గులకరాళ్ల మేటల మధ్య నాలుగైదు పాయలుగా చీలి, మళ్లీ కలిసి, వరద వచ్చినప్పుడల్లా దారి మార్చుకుంటుంది. ఆల్ప్స్ ఉత్తరాన ఇలాంటి నదులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. ఇక్కడా విద్యుత్ కేంద్రాలు కట్టాలని చూశారు గాని, వ్యతిరేకత గట్టిగా వచ్చి ఆగిపోయాయి. 2004 నుంచి ఈ లోయ ప్రకృతి పార్కు.

సరిహద్దు దాటి జర్మనీలోని ఫ్యూసెన్ చేరేసరికి కథ మారిపోతుంది. ఊరి అంచున లెఖ్ జలపాతం ఉంది. పర్యాటకులు ఫొటోలు తీసుకునే ఆ జలపాతం నిజానికి పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన ఆనకట్ట. దాని కిందే ఫోర్గెన్ సరస్సు. 1954లో రోస్‌హౌప్టెన్ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక నిండిన జలాశయం అది. ఫోర్గెన్ అనే పల్లె అడుగున పోయింది, పేరు మాత్రం సరస్సుకు మిగిలింది. చలికాలంలో నీళ్లు దించేస్తారు. అప్పుడు బురద నేల మీద రెండు వేల ఏళ్ల నాటి రోమన్ రహదారి ఆనవాళ్లు బయటపడతాయి. వాటిని చూడటానికి జనం వస్తారు. రోమన్ల రోడ్డు గురించి సమాచార బోర్డులుంటాయి. పొలాలు వదిలి వెళ్లిపోయిన రైతుల గురించి అడిగేవాళ్లు తక్కువ. మా అమ్మమ్మగారిది కూనవరం వైపు. పోలవరం ముంపు మండలాల మనిషికి ఆ ఖాళీ సరస్సు గట్టున ఎక్కువసేపు నిలబడాలనిపించదు.

రోస్‌హౌప్టెన్ ఆనకట్ట నంబరు 1. ఆగ్స్‌బర్గ్‌కు కాస్త ఎగువన మెర్చింగ్ దగ్గరున్నది 23. మధ్యలో కొన్ని నంబర్లు కాగితం మీదే ఉండిపోయాయి. వాటి పుణ్యమా అని షోంగౌ దగ్గర లిట్సౌ వంపు లాంటి చోట నది ఇంకా నదిలాగే కనిపిస్తుంది. మిగతాదంతా మెట్లే. 1940లలో మొదలుపెట్టి దశాబ్దాల పాటు కట్టుకుంటూ పోయారు. ఒక మెట్టు మీద నిలిచిన నీరు టర్బైన్ తిప్పి కింది మెట్టు మీద మళ్లీ నిలుస్తుంది. కరెంటు అక్కర్లేదని నేననను, ఈ వ్యాసం రాస్తున్న దీపం కూడా ఆ కరెంటుతోనే వెలుగుతుండవచ్చు. కానీ ఒకప్పుడు ఈ నది మీదే ఫ్యూసెన్ కలప దుంగల్ని తెప్పలు కట్టి, సుళ్లు తప్పించుకుంటూ ఆగ్స్‌బర్గ్ దాకా, అక్కణ్ణుంచి డాన్యూబ్ మీద వియన్నా దాకా నడిపించేవాళ్లు. ఆ విద్య తెలిసిన మనుషులకు ఈ మెట్ల మధ్య పనిలేకుండా పోయింది.

లాండ్స్‌బెర్గ్ జైల్లో 1924లో ఖైదీగా ఉండి హిట్లర్ పుస్తకం రాశాడు. దాని దిగువన 955లో హంగేరియన్లను ఓడించిన లెఖ్‌ఫెల్డ్ మైదానం. చరిత్ర ఇష్టమున్నవాళ్లు అక్కడ ఆగొచ్చు. నేను నేరుగా మా ఊరికి వచ్చేస్తాను.

ఆగ్స్‌బర్గ్ దక్షిణాన హోఖ్‌అబ్లాస్ అనే ఆనకట్ట నది నీళ్లను ఊళ్లోని కాలువలకు మళ్లిస్తుంది. పాతది 1910 వరదలో కొట్టుకుపోతే వెంటనే మళ్లీ కట్టుకున్నారు. దాని పక్కనుంచే ఐస్‌కనాల్ మొదలవుతుంది. చలికాలంలో నది మోసుకొచ్చే మంచుగడ్డలు ఊరి కాలువల్లోకి పోకుండా పక్కకు తప్పించడానికి తవ్విన కాలువ ఇది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కనూ స్లాలమ్‌ను తొలిసారి చేర్చినప్పుడు, కొండవాగు లాంటి ప్రవాహం కావాల్సి వచ్చింది. అప్పుడు ఈ కాలువకే కాంక్రీటు గోడలు, కాంక్రీటు దిమ్మలు కట్టి వడిని పుట్టించారు. ప్రపంచంలో ఇలా మనుషులు కట్టిన మొదటి స్లాలమ్ కాలువ ఇదే. పొడవు సుమారు 300 మీటర్లు, వాలు నాలుగు మీటర్లు. పంపులు అక్కర్లేదు, నది పల్లానికి తనంత తాను వచ్చేస్తుంది.

తూర్పు జర్మనీ వాళ్లు ఈ కాలువను ముందే వచ్చి పరిశీలించి, కొలతలు పట్టుకెళ్లి, తమ దేశంలో జ్వికౌ దగ్గర ముల్డే నది పక్కన దీని నకలు కట్టుకున్నారు. పోటీకి ముందు అక్కడే సాధన చేశారు. 1972 ఆగస్టులో ఇక్కడికొచ్చి నాలుగు విభాగాల్లో నాలుగు స్వర్ణాలూ పట్టుకుపోయారు. కట్టినవాళ్లకు ఒక్కటీ దక్కలేదు. ఆ తర్వాత ఆట ఒలింపిక్స్‌ నుంచే జారిపోయి, మళ్లీ 1992 బార్సిలోనాలో గాని రాలేదు. ఆ ఏడు ఆగ్స్‌బర్గ్ అమ్మాయి ఎలిజబెత్ మిషెలర్, 1996లో ఒలివర్ ఫిక్స్, 2008లో అలెగ్జాండర్ గ్రిమ్ స్వర్ణాలు తెచ్చి ఆ లోటు తీర్చారు.

నియమాలు చెప్పడం తేలిక. నీటి మీద వేలాడే కర్రల జతలు పద్దెనిమిది నుంచి పాతిక దాకా ఉంటాయి. ఆకుపచ్చ వాటిలోంచి వాలుకు, ఎర్రవాటిలోంచి ప్రవాహానికి ఎదురెక్కి వెళ్లాలి. కర్రకు ఒళ్లో పడవో తెడ్డో తగిలితే 2 సెకన్లు కలుపుతారు. గేటు తప్పితే 50 సెకన్లు, అంటే ఆట అయిపోయినట్టే. పోటీ రోజున కర్రలు ఎక్కడ వేలాడతాయో ముందుగా చెప్పరు. ఆ అమరిక మీద పడవ దింపి సాధన చేయనివ్వరు కూడా. వేరేవాళ్లు నడిపి చూపిస్తే గట్టు మీద నిలబడి చూడాల్సిందే. అందుకే ప్రతి పోటీకి ముందు గట్టున ఒక చిత్రం కనిపిస్తుంది: కళ్లు మూసుకుని, గాలిలో చేతులతో తెడ్డు వేస్తూ, నడుం తిప్పుతూ తమలో తామే గేట్లు దాటే మనుషులు.

మా అమ్మాయి ఇక్కడి పిల్లల శిక్షణలో చేరిన కొత్తలో ఇంటికొచ్చి, "నాన్నా, ఇక్కడ నీళ్లకి వెనక్కి నడవడం కూడా వచ్చు తెలుసా?" అంది. స్లాలమ్ రహస్యమంతా అదే. దిమ్మ వెనక నీరు తిరిగి పైకి పారుతుంది. ఎర్ర కర్రలను ఆ చోటే వేలాడదీస్తారు. ఉదయం పూట సాధన చేసేవాళ్లను దగ్గర్నుంచి చూడండి. మూడున్నర మీటర్ల పొడవు, ఎనిమిది తొమ్మిది కిలోల బరువు ఉండే పడవ. ప్రవాహంలోంచి దాని ముక్కు ఆ ఎదురు నీటిలోకి దూరగానే వెనక భాగం నీట మునిగి, ముక్కు గాలిలోకి లేస్తుంది. అదే క్షణంలో భుజం కిందికి వంగుతుంది, తల పక్కకు వాలుతుంది. తడి కర్ర చెవి పక్కనుంచి అంగుళం తేడాతో పోతుంది. ఒక్క తెడ్డు దెబ్బతో పడవ మళ్లీ వాలులో ఉంటుంది. శిక్షకుడు గట్టున వీడియో తీస్తాడు. కింద దిగి, నీళ్లు కారుతున్న పడవను భుజాన వేసుకుని నడిచి పైకొచ్చి, మళ్లీ అదే గేటు. జనవరిలో కూడా ఇదే, చేతులు ఎర్రగా కందిపోతూ.

ఇంత చేశాక కూడా ఒలింపిక్స్‌కు ఒక్కో విభాగంలో దేశానికి ఒక్క పడవే. ఇదే కాలువలో ఒకరి వెనక ఒకరు దిగేవాళ్లలో ఒకరు వెళితే మిగిలినవాళ్లు టీవీలో చూడాలి. రికార్డా ఫుంక్‌కు 2016లో అదే జరిగింది. ప్రపంచ స్థాయిలో గెలుస్తున్న మనిషే అయినా, రియోకు వెళ్లే అవకాశం ఇదే ఊళ్లో సాధన చేసే మెలానీ ఫైఫర్‌కు దక్కింది. ఫుంక్ స్థిరపడింది ఇక్కడే అయినా పుట్టింది బాడ్ నోయెనార్-ఆర్వైలర్‌లో, ఆర్ అనే చిన్న నది ఒడ్డున. మరో ఐదేళ్లు ఈ కాలువలో గడిపాక, టోక్యోకు ఎంపికైంది.

2021 జులై 14 రాత్రి ఆర్ నది పొంగింది. చిన్న లోయలో ఒక్క రాత్రిలో 130 మందికి పైగా చనిపోయారు. వంతెనలు, ఇళ్లు, ద్రాక్షతోటల ఊళ్లు కొట్టుకుపోయాయి. తను పుట్టిన ఊరు బురదలో ఉండగా, రెండు వారాలైనా తిరక్కుండా జులై 27న ఫుంక్ టోక్యోలో ఫైనల్‌కు దిగింది. ఒక్క కర్రకూ తగలకుండా 105.50 సెకన్లు. ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా ఫాక్స్ కాలువను ఆమెకంటే వేగంగానే దాటింది, 102.73లో. కానీ రెండు కర్రలు తగిలి నాలుగు సెకన్లు కలిశాయి, 106.73తో కాంస్యానికి పరిమితమైంది. రెండింటి మధ్యలో స్పెయిన్ మైయలెన్ చౌరౌట్. గెలిచాక ఫుంక్ తన లోయవాళ్లనే తలుచుకుంది. ఆ ఒలింపిక్స్‌లోనే మా ఊరి గ్రీకు కుటుంబపు కుర్రాడు సిడెరిస్ తాసియాడిస్, హానెస్ ఐగ్నర్ చెరో కాంస్యం తెచ్చారు. మరుసటేడు ప్రపంచ పోటీలు ఐస్‌కనాల్‌లోనే జరిగితే ఫుంక్, తాసియాడిస్ ఇద్దరూ ప్రపంచ విజేతలయ్యారు. గట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. నేనూ గొంతు పోయేలా అరిచాను. 2024 పారిస్ ఫైనల్లో ఫుంక్ ఒక గేటు తప్పింది. 50 సెకన్లు కలిసి పతకం పోయింది.

అరిచి ఇంటికొస్తూ హోఖ్‌అబ్లాస్ మీద ఆగితే అసలు నది కనిపిస్తుంది, అదే నన్ను కుదురుగా ఉండనివ్వదు. 2019లో ఐస్‌కనాల్‌తో సహా ఊరి నీటి వ్యవస్థ మొత్తానికి యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. మనిషి కట్టిన 300 మీటర్ల వడికి ప్రపంచ గౌరవం. దానికి నీళ్లిచ్చే నదికి మాత్రం ఆ వడి మిగల్లేదు. పైనున్న మెట్లు గులకరాళ్లను పట్టేసుకున్నాయి. రాళ్లు రాని నీరు కింద తన అడుగునే కోసుకుంటూ పోతుంది. అడుగు దిగితే పక్క అడవిలో భూగర్భజలం దిగుతుంది. దాన్ని ఆపడానికి నదికి అడ్డంగా మరిన్ని కాంక్రీటు దిమ్మెలు వేశారు. చేపలు వాటిని ఎక్కలేవు. మన దగ్గర మహేశ్వర్ సహస్రధార దగ్గర నర్మద రాళ్ల మీద భారత స్లాలమ్ పిల్లలు సాధన చేస్తున్నారు. అక్కడా పైనా కిందా ఆనకట్టలే.

మెర్చింగ్ నుంచి హోఖ్‌అబ్లాస్ దాకా నదిని మళ్లీ వెడల్పు చేసి, గట్లు వెనక్కి జరిపి, దిమ్మెలు తీసి, దాని దారిన దాన్ని వదిలేద్దామనే పథకం కొన్నేళ్లుగా నలుగుతోంది. తాగునీటి బావులేమవుతాయని ఒకరు, పొలం పోతుందని ఇంకొకరు. ఆ భయాల్లో న్యాయముంది, వాటికి జవాబు చెప్పే పని చేయాల్సిందే. కానీ ఆర్ లోయ చెప్పిన పాఠం కూడా పక్కన పెట్టకూడదు. ఇరుకులో కుక్కిన నది వరద రోజున తనకు కావలసిన చోటు తానే లాక్కుంటుంది. ముందే ఇస్తే మనుషులు బతుకుతారు. ఒలింపిక్ కాలువకు ఇంత శ్రద్ధగా రాళ్లు పేర్చి, సుళ్లు లెక్కగట్టి, గోడలు బాగుచేసుకునే ఇంజనీర్లకు పది కిలోమీటర్ల నదిని బాగుచేయడం చేతకాని పని కాదు.

ఆగ్స్‌బర్గ్ దిగువన లెఖ్ నీళ్లను మళ్లీ కాలువలో పెట్టి గెర్స్ట్‌హోఫెన్, లాంగ్‌వైడ్ విద్యుత్ కేంద్రాలకు తీసుకెళ్తారు. ఆ తర్వాత డోనావెర్ట్ దిగువన డాన్యూబ్‌లో కలుస్తుంది. ఆ సంగమం నేను చూడలేదు, చూడాలన్న తొందరా లేదు. వచ్చే నెల ఈ వెడల్పు పథకం మీద మా పేటలో సమావేశం ఉంది. నాకు ఇక్కడ ఓటు లేదు. ప్రశ్న అడగడానికి ఓటు అక్కర్లేదని నోటీసులో రాశారు కాబట్టి, పిల్లను వెంటబెట్టుకుని వెళ్తున్నాను.