విరగక ముందటి రూపు

పుత్తూరు పేరు వినగానే దక్షిణదేశంలో చాలామందికి గుర్తుకు వచ్చేది ఎముకల కట్టు. చేయి విరిగినా, కాలు బెణికినా బస్సులోనో రైలులోనో ఈ ఊరికి వచ్చేవారు నేటికీ ఉన్నారు. సమీపంలోని రాచపాళెంలో ఈ వైద్యం తరతరాలుగా సాగుతున్నది. వైద్యుడు రాగానే కట్టు కట్టడు. విరిగిన చోటును ముందుగా వేళ్ళతో మెల్లగా తడిమి చూస్తాడు. ఎముక ఏ పక్కకు తొలగిందో, తొలగక ముందు ఎట్లా ఉండేదో ఆ వేళ్ళకు తెలియాలి. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డపట్టీ ఆ తరువాతి సంగతులు. విరగక ముందటి రూపు తెలియనివాడు కట్టు కట్టలేడు.

ఈ మాటను తరచుగా తలచుకొనే వృద్ధుడొకడు ఆ ఊళ్ళో ఉన్నాడు. ఆయన వైద్యుడు కాడు, ఫోటోగ్రాఫరు. ముప్పై ఏళ్ళకు పైగా బజారువీధిలో చిన్న స్టూడియో నడిపాడు. పెండ్లిండ్లు, సీమంతాలు, పిల్లల పుట్టువెంట్రుకలు, బడిపిల్లల పాస్‌పోర్టు సైజు ఫోటోలు - ఇవే ఆయన జీవనాధారం. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత స్టూడియో మూతపడింది. నెగెటివులు మాత్రం ఇంట్లోని ఇనుప బీరువాలో భద్రంగా ఉన్నాయి.

ఆయన మనుమరాలు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నది. చారిత్రక కట్టడం ఒకదాన్ని చూసి, ఫోటోలు తీసి, దాని గురించి ఒక పుట రాసుకొని రమ్మని కళాశాలలో చెప్పారు. చలికాలపు ఆదివారం ఉదయం తాతా మనుమరాలూ బస్సెక్కి తిరుపతి చేరి, అక్కడినుండి మరో బస్సులో చంద్రగిరికి వెళ్ళారు.

కొండను ఆనుకొని కోట, కోటలో రాజమహలు, దానికి కొంత దూరంలో రాణీమహలు. కోటగోడల రాళ్ళమీద ఎండ ఏటవాలుగా పడుతున్నది. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు హంపీని విడిచి మొదట పెనుకొండకు తరలిపోయారు. 1586 నుండి 1614 వరకు పాలించిన వేంకటపతిరాయల కాలంలో చంద్రగిరి రాజధాని అయింది. 1639లో ఇంగ్లీషు వర్తకుల ప్రతినిధి ఫ్రాన్సిస్ డే సముద్రతీరాన కొంత నేలకోసం దామర్ల వేంకటాద్రి నాయకుని ఆశ్రయించి అనుమతి పొందాడు. ఆ నాయకునికి పై ప్రభువు చంద్రగిరి రాయలు. ఆ నేలమీద పెరిగిన పట్టణమే చెన్నపట్నం. ఇప్పుడు చంద్రగిరి చిన్న ఊరు. రాజమహలు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల.

తాత నీడను వెదుక్కొని కూర్చునేలోగా మనుమరాలు అరవై ఫోటోలు తీసింది. ఉత్సాహంగా తెచ్చి చూపింది. ఆయన కళ్ళజోడు సవరించుకొని ఒక్కొక్కటీ చూశాడు. అన్నింటిలోనూ ఆమె నవ్వుముఖం స్పష్టంగా ఉంది. వెనుక ఒకచోట కమాను, ఒకచోట అరుగు, ఇంకొకచోట సగం గోడ.

"ఈ మేడకు ఎన్ని అంతస్తులమ్మా?" అని అడిగాడు.

ఆమె ఫోన్‌లో వెదికింది. ఏ ఫోటోలోనూ మేడ పైదాకా లేదు. చివరికి తల ఎత్తి ఎదురుగా ఉన్న మహలునే లెక్కపెట్టి, "మూడు" అన్నది.

వృద్ధుడు వెంటనే మాట్లాడలేదు. మందలింపు వస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆయన శ్రీకాళహస్తి కథ ఎత్తుకున్నాడు.

శ్రీకాళహస్తిలో ఆలయానికి కాస్త ఎడంగా, వీధిమధ్యన ఏడంతస్తుల రాజగోపురం ఉండేది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. పెండ్లిండ్ల పనిమీద ఆయన కాళహస్తికి ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. కొత్త దంపతులను, గుండు చేయించుకున్న పసివాళ్ళను, షష్టిపూర్తి చేసుకున్న ముసలివాళ్ళను ఆ గోపురం ముందు నిలబెట్టి ఫోటోలు తీసేవాడు. 2010 మే 26 రాత్రి గోపురం కూలిపోయింది. గోడలో పగుళ్ళు కనబడిన కొద్ది రోజులకే నాలుగువందల తొంభై నాలుగేళ్ళ కట్టడం రాళ్ళగుట్టగా మారింది.

ఆ వార్త తెలిసిన వెంటనే ఆయన బీరువా తెరిచాడు. మూడు రోజులపాటు ఒక్కొక్క నెగెటివును దీపానికి అడ్డుపెట్టి చూశాడు. వధూవరులు కనిపించారు, పసిపిల్లలు కనిపించారు. వారి వెనుక గోపురం వాకిలి, మొదటి అంతస్తు, ఒక్కోచోట రెండో అంతస్తు. పాదం నుండి కలశాలదాకా నిండుగా ఉన్న గోపురం ఒక్క ఫోటోలోనూ లేదు.

"మనుషులు పెద్దగా పడాలని ప్రతిసారీ గోపురాన్ని నరికాను. ముప్పయ్యారు ఫోటోల రీలు. మనిషి లేని ఫోటోకు డబ్బులిచ్చేవాడు ఎవడున్నాడు? ఒక్కటి వృథా చేయడానికి మనసొప్పలేదు. గోపురం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను" అన్నాడు.

"ఇంకెవరో తీసే ఉంటారు కదా తాతా! నెట్‌లో ఎన్నో దొరుకుతాయి. నువ్వు తీయకపోతే ఏమైంది?"

"ఎవరో తీశారు. అదే చోట 2017 నాటికి కొత్త గోపురం కూడా లేచింది. పోయి దండం పెట్టుకొని వచ్చాను. కానీ ఆ పాత గోపురం నీడలో అన్నం తిన్నవాణ్ణి నేను. దాని రూపు నిలిపే పని నా చేతిలో ఉండి కూడా చేయలేదు."

ఆ మాటకు ఆమె వద్ద సమాధానం లేదు. ఫోన్‌ను చేతిలో తిప్పుతూ కొంతసేపు ఊరకున్నది. తరువాత, "అయితే దీన్ని ఎట్లా తీయాలో చెప్పు" అని లేచింది.

ఆయన ఆమెను వెనక్కు, ఇంకా వెనక్కు నడిపించాడు. మహలు అంతా కనబడేచోట ఆపాడు. మొదట నిండు రూపు తీయాలి. తరువాత ఒక్కొక్క ముఖం. ఆ తరువాతనే దగ్గరకు వెళ్ళాలి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు ఎట్లా నిలిపారో కమానుల దగ్గర నిలబడి చూపించాడు. కింద మొనదేలిన కమానులు సుల్తానుల కట్టడాలను తలపిస్తాయి. పైన శిఖరాలు మన దేవాలయ విమానాలను పోలి ఉంటాయి. గచ్చు రాలి ఇటుక బయటపడినచోట ఆమె ఫోన్ దించింది.

"ఇది బాగాలేదు తాతా."

"దాన్నే ముందు తియ్యి. పదేళ్ళ తరువాత ఎవరైనా వచ్చి చూస్తే, రాలింది అప్పుడెంత, ఇప్పుడెంత అని తెలుస్తుంది."

ఆయన ఎప్పుడో ఒక పుస్తకంలో చూసిన సంగతి చెప్పాడు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి మైనం పట్టించిన కాగితపు నెగెటివులమీద హంపీ శిథిలాలను చిత్రించాడు. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఫోటోగ్రాఫరు అవే చోట్ల నిలబడి మళ్ళీ ఫోటోలు తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెడితే నూట ఇరవై ఏడేళ్ళలో పోయినదేమిటో, మిగిలినదేమిటో తెలుస్తుంది. విఠలాలయం ముందరి రాతిరథంపైన ఇటుకలతో కట్టిన శిఖరం ఒకటి ఉండేది. నేడు అది లేదు. ఆ పాత చిత్రంలో ఉన్నది.

మధ్యాహ్నం దాటేసరికి ఆమె తీసిన ఫోటోలు తక్కువే. కానీ ప్రతిదానికీ ఎక్కడ నిలబడి, ఏ వేళకు తీసిందో నోటుపుస్తకంలో రాసుకున్నది. చివరగా మహలు నిండు రూపును మరొకసారి తీయబోయి ఆగింది.

"తాతా, ఇది ఎంత ఎత్తో ఫోటో చూసినవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? నువ్వు పోయి ఆ కమాను కింద నిలబడు."

ఆయన తటపటాయించాడు. ఊరందరినీ ఫోటో తీసిన మనిషికి తన ఫోటోలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. అయినా వెళ్ళి కమాను పక్కన గోడకు చేయి ఆన్చి నిటారుగా నిలబడ్డాడు. మహలు పాదం నుండి శిఖరాలదాకా నిండుగా పడింది. దాని అడుగున తెల్లని పంచె గోరంత.

తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నా ఆమె రాస్తూనే ఉన్నది. ఉన్నట్టుండి తల ఎత్తి, "కాళహస్తి ఫోటోల్లో గోపురం పాదమైనా ఉంది కదా తాతా. ముప్పై ఏళ్ళ పాదం. ముందర మనుషులు నిలబడినారు కాబట్టి కొలత కూడా తెలుస్తుంది" అన్నది. వృద్ధుడు కిటికీలోనుండి బయటికి చూస్తున్నాడు. అవుననలేదు, కాదనలేదు.

మరుసటి ఆదివారం ఇనుప బీరువా మళ్ళీ తెరుచుకున్నది. నెగెటివుల కవర్లమీద అంతవరకు పెండ్లివారి ఊరూ పేరూ మాత్రమే ఉండేవి. ఆయన ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి చెబుతుంటే ఆమె వాటి కింద మరొక వరుస చేర్చింది: కాళహస్తి రాజగోపురం, వాకిలి, మొదటి అంతస్తు, కుడివైపు. సాయంత్రానికి పదకొండు కవర్లు పూర్తయ్యాయి. బీరువాలో ఇంకా రెండు అరలు మిగిలి ఉన్నాయి.